ఉల్లిపొట్టు ఉడికిన రోజు

అనగనగా ఒక రాజు. మంచి రాజని చెప్పమంటారా? చెప్పను. వాడి పేరెత్తితేనే నాకు ఒళ్లు మండుతుంది. పేరు సెనూఫు. నైలు నది ఒడ్డున వాడి కోట. వాడికి ముగ్గురు కొడుకులు, ఒక్కగానొక్క కూతురు మెరితు.

ఎండలు ముదరకముందు ఆ దేశంలో ఏటా పిల్లగాలి వీచేది. సెబుకు అనే మాంత్రికుడు ఆ గాలిని పట్టుకుపోయి ఏడు సముద్రాల అవతల గుహలో బంధించాడు. మెరితు ఊపిరాడక మంచాన పడింది. పున్నమి దాటితే పిల్ల దక్కదన్నారు వైద్యులు. తండ్రి ఏం చేశాడు? దుమ్ము వస్తుందని కిటికీలన్నీ మూయించి, గదినిండా అత్తరు చల్లించాడు. బుద్ధి ఉందా వాడికి?

పెద్దకొడుకు కత్తి పట్టుకుని వెళ్లాడు, తిరిగి రాలేదు. నడిమివాడు నగలు పట్టుకుని వెళ్లాడు, తిరిగి రాలేదు. మూడోవాడు హోరి. ముక్కు మీద కోపం. నది ఒడ్డున అతనికి ఒక కొంగ ఎదురొచ్చింది.

"మాంత్రికుడి ప్రాణం ఒక గుడ్డులో ఉందయ్యా. దాన్ని వెయ్యి గుడ్లలో కలిపేశాడు. మీ అన్నలు వేరే గుడ్డు ముట్టుకుని రాళ్లయిపోయారు" అంది.

హోరికి కోపం నషాళానికంటింది. పక్కనే ఉల్లిచేలో కలుపు తీస్తున్న తాయా అనే పిల్ల ఇదంతా విన్నది.

"కోపంతో గుడ్డు దొరుకుతుందా? ఉల్లిపొట్టు వేసి ఉడికిస్తే ఏ గుడ్డయినా ఎర్రబడుతుంది. మంత్రపు గుడ్డు అసలు గుడ్డే కాదు, దానికి రంగెక్కడ పడుతుంది?" అని మూటెడు పొట్టు, నాలుగు ఉల్లిగడ్డలు చేతిలో పెట్టింది.

కొంగ వీపెక్కి హోరి ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, మూడు దాటాడు, ఏడూ దాటాడు. గుహలో పెద్ద గంగాళం, దాన్నిండా గుడ్లు.

"ఒక్కటే ముట్టుకోవాలి. తప్పితే రాయివే!" అన్నాడు సెబుకు.

"ముందు ఉడకబెట్టుకుంటాను. ఆకలేస్తోంది."

సెబుకు పగలబడి నవ్వాడు. పుట్టి బుద్ధెరిగాక వంటింటి గడప తొక్కినవాడు కాడు. "ఉడకబెట్టుకో. నా ప్రాణం నిప్పుకు చావదు" అన్నాడు.

నీళ్లు కాగాయి, పొట్టు ఉడికింది, గుడ్లన్నీ ఎర్రబడ్డాయి. ఒక్కటి మాత్రం తెల్లగా మిగిలింది. హోరి దాన్ని ఎత్తి నేలకేసి కొట్టాడు. మాంత్రికుడు కూలాడు, అన్నలు మనుషులయ్యారు, పిల్లగాలి గుహలోంచి కోటకేసి పరుగెత్తింది.

గాలి వెంటే అన్నదమ్ములు తీరా వచ్చి చూస్తే, కిటికీలన్నీ మూసే ఉన్నాయి! లోపల మెరితు పెదాలు నల్లబడ్డాయి.

"నాన్నగారూ, కిటికీలు తెరిపించండి!" అని అరిచాడు హోరి.

"ముందు ఆ ఉల్లికంపు అవతల పారెయ్. ఇది రాజకుమారి గది!" అన్నాడు ఆ మహానుభావుడు.

ముగ్గురన్నదమ్ములూ కలిసి కిటికీలు బద్దలుకొట్టారు. ఉల్లిగడ్డ చితక్కొట్టి చెల్లెలి ముక్కు దగ్గర పెట్టారు. మెరితు ఒకసారి తుమ్మింది, రెండుసార్లు తుమ్మింది, మూడోసారి తుమ్మి గుండెనిండా గాలి పీల్చింది. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదని ఊరికే అన్నారా?

కళ్లు తెరిచి, "నాన్నా, నన్ను బయటికెందుకు తీసుకెళ్లలేదు?" అని అడిగింది.

ఆ రోజు అందరూ నది ఒడ్డున పచ్చికలో కూర్చుని ఉప్పుచేప, ఉల్లి, ఎర్రగుడ్లు తిన్నారు. అదే పండుగైంది. ఇప్పటికీ ఏటా ఆ రోజు తెల్లవారకముందే బయటికి వచ్చి గాలి పీలుస్తారు. దాన్ని షమ్ ఎన్నసీమ్ అంటారు, అంటే పిల్లగాలిని వాసన చూడడం.

హోరి తాయాను పెళ్లాడి అరవై ఏళ్లు రాజ్యమేలాడు. మెరితు నూరేళ్లు బతికింది. తండ్రితో మాత్రం మూడేళ్లు మాట్లాడలేదు. మంచి పని చేసింది.