ఎర్రదారం కట్టిన పెన్‌డ్రైవ్

చీరాలలో ఒక నూలుకొట్టు మీది మేడగదిలో మస్తాన్ మాస్టారు పాత కంప్యూటర్లకు ప్రాణం పోస్తుంటారు. ఆఫీసులు వద్దని పారేసినవాటిని తెచ్చి, దుమ్ము దులిపి, లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించి బడులకు పంపిస్తారు. ఆయనకో అలవాటుంది. శిష్యులు ఏ ప్రశ్న అడిగినా నేరుగా జవాబు చెప్పరు. ఏదో ఒక మిషన్ చూపించి, ముందు దాని సంగతి చూడమంటారు. ఈ అలవాటు భరించలేక చాలామంది వెళ్ళిపోయారు. సువార్త మాత్రం మూడేళ్ళుగా అక్కడే ఉంది.

ఒక శుక్రవారం పొద్దున ఆ సువార్తే ప్రశ్న పట్టుకొచ్చింది. సముద్రం ఒడ్డునున్న ఒక బడికి పన్నెండు కంప్యూటర్లు చేరాయి. సోమవారం వచ్చి వాటికి లినక్స్ ఎక్కించి, అక్కడే పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరమని హెడ్మాస్టరమ్మ అడిగింది. వస్తుందో రాదో తెలుసుకోవడానికి ఆ మధ్యాహ్నమే ఫోన్ చేస్తానంది. సువార్తకు ఆ ఉద్యోగమంటే ఎంత ఆశో, అంత భయం.

"నేనింకా ఎంత నేర్చుకోవాలి మాస్టారూ? మీరు పక్కనుంటే ఏదైనా చేస్తాను, లేకపోతే చేతులాడవు. సోమవారం ఒక్కరోజు మీరూ వచ్చి ఓ మూల కూర్చోండి. రానంటే చెప్పండి, ఆ ఉద్యోగం వద్దని చెప్పేస్తాను."

మాస్టారు విప్పిన కీబోర్డు మీంచి తలెత్తలేదు. కిటికీ పక్కనున్న మిషన్ చూపించి, "దానికి లినక్స్ ఎక్కించు తల్లీ. అది లేచాక మాట్లాడుకుందాం" అన్నారు.

జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చారు. లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ ఆ గదిలో అదొక్కటే. పోతుందేమోనని దానికి ఎర్రదారం కట్టుకున్నారు. పని మొదలుపెట్టేటప్పుడు ఇస్తారు, పని పూర్తికాగానే తానే లేచొచ్చి మిషన్లోంచి పీకి జేబులో వేసుకుంటారు. మూడేళ్ళలో ఒక్కరోజైనా ఆ వరస తప్పలేదు.

సువార్త పెన్‌డ్రైవ్ గుచ్చింది. భాష తెలుగని ఎంచుకుంది, తన పేరు కొట్టింది, అరగంట కూర్చుంది. తెర మీద పని పూర్తయినట్టు కనిపించగానే ఎంటర్ నొక్కింది. మిషన్ ఆగి, మళ్ళీ లేచి, ఆ అరగంటలో అసలేమీ జరగనట్టు, "స్వాగతం. ఏ భాషలో ఇన్‌స్టాల్ చేయమంటారు?" అంది.

ఎక్కడో పొరపాటు చేశాననుకుని మొదటినుంచీ మళ్ళీ చేసింది. మిషన్ కొత్త అల్లుణ్ణి పిలిచినట్టు అంతే మర్యాదగా స్వాగతం పలికింది. సువార్త పెట్టె విప్పి డిస్కు కేబుల్ మార్చింది. ర్యామ్ ముక్కను ఊడదీసి పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టింది. మూడోసారి మొదలుపెట్టేసరికి కళ్ళు చెమ్మగిల్లాయి. మాస్టారి ఎదుటే ఒక్కదాన్ని లేపలేనిదాన్ని, అక్కడ పన్నెండింటిని ఏం లేపుతానని కుమిలిపోయింది.

మూడోసారీ పని పూర్తయింది. ఆమె వేలు ఎంటర్ మీదికి పోతుండగా మాస్టారు, "ఆగు. కింది వాక్యం పైకి చదువు" అన్నారు.

"ఇన్‌స్టాలేషన్ పూర్తయింది. పెన్‌డ్రైవ్ తీసి..." అని చదివి, సువార్త అక్కడే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆమె చేసింది ఎంటర్ నొక్కడం ఒక్కటే. తీయడం ఎప్పుడూ మాస్టారి వంతు. ఇవాళ ఆయన కుర్చీలోంచి లేవనే లేదు.

ఎర్రదారం పట్టుకుని లాగి, ఎంటర్ నొక్కింది. మిషన్ ఆగి, లేచి, తెర నిండా "సువార్త" అని పేరు చూపించి పాస్‌వర్డ్ అడిగింది. సువార్త ఎంత గట్టిగా నవ్విందంటే, కింద కొట్టులోంచి "ఏందమ్మా, ఏమైంది?" అని కేకేశారు.

"ముందే చెప్పొచ్చుగా మాస్టారూ! డిస్కు పోయిందేమోనని సగం చచ్చాను" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"దానికేమైంది? మొదటిసారే అంతా దాని లోపలికి చేరింది. ఈ పెన్‌డ్రైవ్ పక్కనున్నంతసేపూ దాన్ని నోరు విప్పనివ్వదు, అంతే" అని మాస్టారు మళ్ళీ కీబోర్డులో తలదూర్చారు.

"మీరు పక్కనుంటే" అని పొద్దున తానన్న మాట సువార్తకు గుర్తొచ్చింది. అంతలో ఫోన్ మోగింది.

"వస్తానండీ మేడమ్. సోమవారం ఎనిమిదిన్నరకల్లా అక్కడుంటాను." వెంట ఇంకెవరైనా వస్తున్నారా అని అటునుంచి అడిగినట్టున్నారు. "లేదండీ, నేనొక్కదాన్నే" అంది.

ఫోన్ పెట్టేసి, అలవాటు ప్రకారం పెన్‌డ్రైవ్ ఆయన ముందు పెట్టబోయింది. మాస్టారు అందుకోలేదు.

"అక్కడ పన్నెండున్నాయిగా, నీ దగ్గరే ఉంచుకో" అన్నారు. "పనయ్యాక తీసేయడం మాత్రం మర్చిపోకు."