రాట్నం లాగే బండి

సాలూరులో దాలినాయుడనే డ్రైవరు ఉండేవాడు. ఎంతటి బరువునైనా కొండ ఎక్కించగల పనివాడే గానీ, నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ మాత్రం అతన్ని పట్టి ఆడించేది.

సాలూరంటే లారీల ఊరు. అక్కడ ఇంటికో డ్రైవరు, వీధికో మెకానిక్కు. చప్పుడు రాకుండా గేరు మార్చేవాణ్ణి చూస్తే చిన్నపిల్లలు కూడా "చెయ్యంటే అదీ" అని మెచ్చుకుంటారు. దాలినాయుడిది అలాంటి చెయ్యి. ముప్పయ్యేళ్ళు లారీ తోలాడు. చివరికి ఎడమ మోకాలు మొరాయించింది. క్లచ్ తొక్కినప్పుడల్లా కలుక్కుమనేది. ఆ సంగతి భార్య రవణమ్మకి తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. "లారీ అంటే విసుగొచ్చింది" అని ఊరందరికీ చెప్పి దిగిపోయాడు.

తర్వాత ఆలుమగలిద్దరూ కలిసి ఒక పాత రంగులరాట్నం కొన్నారు. ఎనిమిది కొయ్యగుర్రాలు, రెండు ఏనుగులు, ఒక నెమలి. విప్పి సర్దితే అంతా ఒక్క ట్రైలరులో పట్టేస్తుంది. రవణమ్మ అన్నిటికీ కొత్తగా రంగులు వేసింది. నెమలి రంగు నచ్చక, దానికి మాత్రం మూడుసార్లు వేసింది. ఇక కావలసింది ఆ ట్రైలరును జాతర నుంచి జాతరకి లాగే బండి.

పాత బండ్లు అమ్మే భూలోకం దగ్గరికి వెళ్ళారు. దాలినాయుడి స్నేహితుడు తవుడు కూడా వెంట వచ్చాడు. అతణ్ణి ఎవరూ పిలవలేదు. ఎవరైనా బండి కొంటున్నారంటే సాలూరులో పిలుపు అక్కర్లేదు.

అక్కడ రెండు జీపులు నచ్చాయి. ఎర్రది గేర్ల బండి. మీగడ రంగుది ఆటోమేటిక్, అంటే దాని గేర్లు అదే మార్చుకుంటుంది. ధర ఇంచుమించు ఒకటే.

"ఏం లాగాలి? ఎక్కడికి లాగాలి?" అని అడిగాడు భూలోకం.

"రంగులరాట్నం అన్నా. కొండ ఊళ్ళ జాతరలకి," అంది రవణమ్మ.

భూలోకం రెండు బండ్ల బానెట్లూ తట్టాడు. "గేర్ల బండిని తీసిపారెయ్యను. ఆగకుండా పోయే రోడ్డయితే అదే కొనమంటాను. మరమ్మతూ తేలిక. కానీ జాతరకి పోయే బండి జనం మధ్య నడవాలి, కాలినడకన పోయేవాళ్ళ వెనకే పోవాలి. అంత బరువుతో, ఎక్కుడులో, అడుగడుక్కీ క్లచ్ తొక్కి పట్టుకోవాలి. ఆటోమేటిక్‌కి ఆ బాధ లేదు. అయితే దాని గేరుబాక్సులో నూనె ఉంటుంది. బరువు లాగితే అది వేడెక్కుతుంది. నూనె చూసుకుంటూ, కొండ రోడ్డులో మీట చిన్న గేరు మీదే పెట్టి, పై గేరుకి పోకుండా తోలాలి. ఇది నేను చూసే పెట్టాను. నూనె ఎర్రగా ఉంది, మాడు వాసన లేదు."

రవణమ్మ మొగుడి చెవిలో, "మీ మోకాలికి ఇదే మంచిదండీ. నేను కూడా తోలగలను," అంది. ఆమె కిందటేడే డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది.

దాలినాయుడి మనసు మీగడ రంగు బండి వైపే మొగ్గింది. ఎక్కి కూర్చున్నాడు. ఎడమ కాలికి పని లేదు. మోకాలు హాయిగా చాచుకుంది.

అంతలో తవుడు కిటికీలోంచి లోపలికి తొంగిచూశాడు. "ఏటి నాయుడూ, రెండే పెడల్సా? అయితే రేపట్నుంచి ఎడమ కాలు ఇంట్లో పెట్టి వస్తావేటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తవుడికి హుషారొచ్చింది. "ముప్పయ్యేళ్ళు గేరు వేసిన చెయ్యి. ఇప్పుడేటి, ఒళ్ళో పెట్టుకుని కూర్చోబెడతావా?"

దాలినాయుడు చటుక్కున దిగిపోయాడు. "ఊరికే చూశానయ్యా," అన్నాడు. "నాకు ఎర్రదే కావాలి."

ఎర్రదే కొన్నారు. ఇంటికొచ్చాక రవణమ్మ అతని మోకాలికి నూనె రాస్తూ, "ఈ నొప్పి తవుడన్నకి కూడా కాస్త పంచితే బాగుండును," అంది.

వారం తిరక్కుండానే మొదటి పిలుపు వచ్చింది. కొండ మీది బొడ్డవలసలో అమ్మవారి జాతర. ఊరి పెద్ద ఎండయ్య ఫోనులోనే తేల్చి చెప్పాడు. "ఘటాలు గుడి చేరేసరికి రాట్నం తిరుగుతుండాలి. మాట నిలబెట్టుకుంటే ఇక ఏటా మీదే. లేదంటే వేరేవాళ్ళని చూసుకుంటాం. చుట్టుపక్కల పది ఊళ్ళూ మేం ఎవర్ని పిలిస్తే వాళ్ళనే పిలుస్తాయి."

అంటే ఒక్క జాతరతో పదకొండు ఊళ్ళు. పోతే అన్నీ పోతాయి. లారీ ఎటూ ఎక్కలేడు. దాలినాయుడికి రాట్నమే బతుకు.

ఆ పొద్దున వేళకే బయల్దేరారు. కానీ టీ కొట్టు దగ్గర తవుడూ, మరో నలుగురు డ్రైవర్లూ కనబడ్డారు. దాలినాయుడి కాలు బ్రేకు మీదికి పోయింది. "ఒక్క నిమిషమే," అన్నాడు. ట్రైలరు తగిలించి ఉండగానే ముందుకీ వెనక్కీ తోలి చూపించాడు. గేరు చప్పుడు రాలేదు. "చెయ్యి చెడలేదు నాయుడూ," అన్నారు వాళ్ళు. ఆ నిమిషం కాస్తా ముప్పావుగంట అయ్యింది.

కొండ కిందికి చేరేసరికి ఊరేగింపు రోడ్డెక్కేసింది. ముందు డప్పులు. వెనక తప్పెటగుళ్ళ ఆటగాళ్ళు. వాళ్ళ వెనక నెత్తిన ఘటాలు పెట్టుకున్న ఆడవాళ్ళు. ఆ ఊరిలో ఒక కట్టుబాటు ఉంది: ఘటాలను దాటి బండి ముందుకు పోకూడదు. హారను కొట్టకూడదు. పైగా తప్పెటగుళ్ళ వాళ్ళు తిన్నగా నడవరు. రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి, ఒక గిరక. ఇక ఘటాల వెనకే చేరి, గబగబా రాట్నం నిలబెడితే ఎండయ్య మన్నిస్తాడేమోనన్నదే ఆశ.

దాలినాయుడు క్లచ్ సగం తొక్కి పట్టాడు. వదిలితే బండి ముందుకు ఉరుకుతుంది. పూర్తిగా తొక్కితే వెనక్కి జారుతుంది.

సగం తొక్కితే ఏమవుతుందో తెలుసా? రెండు అరచేతులూ దగ్గరపెట్టి గట్టిగా రుద్ది చూడండి. వేడి పుట్టింది కదా? క్లచ్‌లోని పలకలూ అంతే. పూర్తిగా కలిసినా, పూర్తిగా విడిపోయినా వాటికి సుఖమే. సగంలో ఉంచితే ఒకదానికొకటి రాసుకుని మాడిపోతాయి.

మొదటి మలుపులో మోకాలు కలుక్కుమంది. రెండో మలుపులో కాలు వణికింది. మూడో మలుపులో మాడు వాసన వచ్చింది.

"ఏటండీ, ఏదో కాలుతోంది," అంది రవణమ్మ.

"అడవిలో ఎవరో పొయ్యి పెట్టుంటారు," అన్నాడు దాలినాయుడు. అబద్ధమని అతనికి తెలుసు. నాలుగో మలుపులో ఇంజను అరిచింది గానీ బండి కదల్లేదు. అతను బ్రేకు తొక్కి పట్టుకున్నాడు. రవణమ్మ దిగి చక్రాల వెనక రాళ్ళు పెట్టింది.

దాలినాయుడు రోడ్డు పక్కన కూలబడ్డాడు. పదకొండు ఊళ్ళూ కళ్ళముందే జారిపోతున్నాయి.

అప్పుడు ఘటం ఎత్తుకున్న ఒక ముసలమ్మ వెనక్కి తిరిగింది. "ఏటి బాబూ, గుర్రాలకి నడక రాదా? అయితే మనవే నడిపిద్దుం," అంది.

అంతే, జనం వచ్చిపడ్డారు. ఒక్కో గుర్రాన్ని ఇద్దరేసి భుజాలకెత్తుకున్నారు. ఏనుగులకి నలుగురేసి. నెమలిని తప్పెటగుళ్ళ గురువు స్వయంగా నెత్తిన పెట్టుకుని గిరగిరా తిరిగాడు. కొయ్యగుర్రాలు డప్పు దెబ్బకి ఎగురుతూ కొండెక్కాయి. పిల్లలు కేకలు పెడుతూ వెంటబడ్డారు. అంత దిగులులోనూ దాలినాయుడికి నవ్వు ఆగలేదు.

నడిమి స్తంభమూ, మోటారూ ఉన్న ట్రైలరును మాత్రం ఊళ్ళోంచి ట్రాక్టరు వచ్చి లాగింది. రాట్నం నిలబెట్టేసరికి పొద్దు వాలింది. ఘటాలు గుడి చేరి అప్పటికి నాలుగు గంటలు గడిచాయి.

ఎండయ్య మీసం తడుముకున్నాడు. "తిరుగుతుండాలి అన్నాను. తిరగలేదు. కానీ మావాళ్ళకి గుర్రాల ఊరేగింపు నచ్చింది. వచ్చే మంగళవారం మారు జాతర ఉంది, ఘటాలు మళ్ళీ కొండెక్కుతాయి. ఆ రోజు మీ గుర్రాలు ఘటాల వెనకే, కింది నుంచి పైదాకా ఎక్కడా ఆగకుండా రావాలి. బండి మీదే రావాలి. మోసినవాళ్ళు ఇప్పటికే భుజాలు పట్టుకుని కూర్చున్నారు. అదైతే మాట ఖాయం."

"వస్తాం," అంది రవణమ్మ, మొగుడు నోరు తెరిచేలోపే.

మర్నాడు ఊరి ట్రాక్టరుతో ట్రైలరునీ జీపునీ కిందికి దించుకుని దాలినాయుడు భూలోకం దగ్గరికి వెళ్ళాడు. ఈసారి ఏమీ దాచలేదు. "నా మోకాలు పాడైందయ్యా. నవ్వుతారని ఆ బండి కొన్నాను. ఇది తీసుకుని ఆటోమేటిక్ ఇస్తావా?"

"ఇస్తాను. క్లచ్ ప్లేటు మాత్రం నువ్వే కొని, నువ్వే బిగించాలి," అన్నాడు భూలోకం.

రెండు రోజులు జీపు కింద పడుకుని, ఒళ్ళంతా మసి చేసుకుని, దాలినాయుడు ఆ పని పూర్తిచేశాడు. తవుడు వచ్చి చూసి, "అయితే రెండు పెడల్స్ బండేనా?" అన్నాడు.

"రెండే. నువ్వు మంగళవారం కొండకి రా. మూడోది తొక్కడానికి నిన్ను పెట్టుకుంటాను," అన్నాడు దాలినాయుడు. తవుడికి ఆ రోజు వేరే పని ఉందట.

మంగళవారం దారిలో ఎక్కడా ఆగలేదు. కొండ కింద దాలినాయుడు గేరుబాక్సు నూనె చూశాడు. మీట చిన్న గేరు మీదే పెట్టాడు. ఊరేగింపు కదిలింది. రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి. బండి దానంతట అదే మెల్లగా పాకింది. బ్రేకు మీద కాలు పెడితే ఆగింది, తీస్తే కదిలింది. నాలుగో మలుపు దాటిపోయింది. మాడు వాసన లేదు. వెనక గుర్రాల మెడల్లో రవణమ్మ కట్టిన చిరుగంటలు మోగుతున్నాయి.

గిరక కోసం ఊరేగింపు నిలిచినప్పుడు, "ఇక మీరు దిగండి. నేను తోలతాను," అంది రవణమ్మ.

ఆమె తోలుతుంటే దాలినాయుడు ఘటాల వెనక నడిచాడు. డప్పు దెబ్బ వినీ వినీ కాళ్ళు ఊరుకోలేదు. మోకాలు ఒప్పుకున్నంత మేర నాలుగడుగులు వేశాడు. ఆడుతూ వెనక్కి వచ్చిన తప్పెటగుళ్ళ గురువు అతని చెయ్యి పట్టుకుని వరసలోకి లాగాడు. ఆటలో దాలినాయుడి అడుగు ఒక్కటీ సరిగ్గా పడలేదు. ఎవరు నవ్వుతున్నారో అతను చూసుకోనూ లేదు.

ఘటాలు గుడి చేరాక, జనమంతా చెయ్యి వేసి అరగంటలో రాట్నం నిలబెట్టారు. మొదటి చుట్టు ఊరి పిల్లలది. రెండో చుట్టులో నెమలి మీద కూర్చున్నది ఎండయ్య. దిగుతూనే, "ఏటా మీదే," అన్నాడు.

పిల్లలూ, వస్తువు కొనేటప్పుడు మన పనినీ, మన ఒంటినీ అడిగి కొనాలి. చూసేవాళ్ళ మెప్పు మన బరువు లాగదు.