తలుపుల్లేని వీధి

ఒకానొక రాజ్యంలో, దాని పేరు కుందనగిరి అనుకుందాం, చండభానుడనే రాజు ఉండేవాడు. చెడ్డవాడేమీ కాదు. కాకపోతే తన నోటి నుంచి వచ్చిందల్లా ధర్మమేనని ఆయనకు గట్టి నమ్మకం. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపి ఆ నమ్మకాన్ని ఇంకాస్త ముదరబెట్టారు.

విజయదశమినాడు రథమెక్కి ఊరేగడమంటే ఆయనకు మహా ఇష్టం. కోట నుంచి ఏటి ఒడ్డుకు పోయే వీధి నిండా గుంటలు. ఒక ఏడు రథం కుదుపుకు కిరీటం జారి ముక్కు మీదికి వచ్చింది. ఎవరూ నవ్వలేదు గాని, అందరూ చూశారు. మరుసటి ఏడు దసరాకు ముందే రాజు వీధి పొడవునా నాపరాళ్ళు పరిపించాడు.

పరిపించాక దండోరా వేయించాడు. "వీధి బాగుపడితే మేలు ఎవరికి? అక్కడ ఇళ్ళున్నవారికి. కనుక ఖర్చూ వారిదే. ఎవరి గోడ వీధి వెంట ఎన్ని మూరలుంటే వారు అన్ని వరహాలు కట్టాలి. దసరా వెళ్ళిన మర్నాటికి కట్టకపోతే ఇల్లు వేలం!"

గాజులమ్ముకునే పేరమ్మ ఇల్లు సరిగ్గా వీధి మలుపులో ఉంది. ఉన్నది ఒక్క గదే. కాని మలుపు కావడంతో ముందు గోడా, పక్క గోడా రెండూ వీధికే వచ్చాయి. కొలతగాళ్ళు తాడు పట్టుకొచ్చి రెండూ కొలిచారు. పక్కనున్న మేడకన్నా ఆ గదికే ఎక్కువ పడింది.

పేరమ్మ ఏడుస్తూ ఆస్థాన విదూషకుడు కొండుభట్టు దగ్గరికి వెళ్ళింది.

"గాజులన్నీ అమ్మినా సగం కూడా రాదు భట్టుగారూ! ఇల్లు పోతే ఈ వయసులో ఎక్కడ తల దాచుకోను? ఆ రాళ్ళు వెయ్యమని నేనేమన్నా అడిగానా?"

"అడగలేదమ్మా. అడిగి ఉంటే ఇంకాస్త ఎక్కువ వేసేవారు" అన్నాడు కొండుభట్టు. "ఏడవకు. రేపు సభలో ఒక్క మాట అడిగి చూస్తాను."

మర్నాడు సభలో లేచి నిలబడ్డాడు.

"మహాప్రభూ, చిన్న సందేహం. వీధికి ఇటువైపు ఇళ్ళున్నాయి. అటువైపు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉన్నది తమ ఉద్యానవనం గోడ. దానికి తాడు పట్టలేదేమి?"

సభలో ఎవరో దగ్గారు. రాజు మీసం దువ్వాడు.

"ఆ గోడకు తలుపుందా కొండుభట్టూ? లేదు. తలుపు లేని గోడకు వీధి ఉంటేనేం, లేకపోతేనేం? గడప దాటి వీధిలో కాలు పెట్టేవాడికే మేలు. వాడే కట్టాలి!"

"ఆహా! ఇంత సూక్ష్మం మాబోటివాళ్ళకు తడుతుందా! కాని తెలియని జనం గొణుక్కుంటున్నారు ప్రభూ. తలుపు లేని గోడకు పన్ను లేదని దండోరా వేయిస్తే వాళ్ళ నోళ్ళు మూతపడతాయి."

రాజు పొంగిపోయాడు. సాయంత్రానికల్లా దండోరా మోగింది.

మర్నాటి నుంచి నవరాత్రులు. ఆ తొమ్మిది రోజులూ రాజు దీక్షలో ఉండి కోట దాటడు. ఊళ్ళో జరిగింది చూసిన భటులకు నోరు విప్పే ధైర్యం లేదు. దశమి నాడు రథం కదిలింది.

ఏటా గడప గడపకూ ఆడవాళ్ళు నిలబడి హారతులిచ్చేవారు. ఈసారి ఎటు చూసినా గోడే. తలుపులుండే చోటల్లా ఇటుకలు పేర్చి, మట్టి మెత్తి, సున్నం కొట్టి ఉంది. ఒక్క మేక మాత్రం రాళ్ళ మీద నిలబడి రాజుగారిని ఎగాదిగా చూసింది.

"ఏమిటిది? జనమంతా ఏమయ్యారు?" అని రాజు గర్జించాడు.

రథం పక్కన నడుస్తున్న కొండుభట్టు చేతులు కట్టుకున్నాడు. "గోడల వెనకే ఉన్నారు ప్రభూ. అందరూ పెరటి వైపు తలుపులు పెట్టుకున్నారు. వెనక సందులో మోకాలి లోతు బురద. కాని దానికి పన్ను లేదు కదా!"

"అయితే ఈ వీధి ఎవరి కోసం వేయించినట్టు?"

"ఇవాళ దీని మీద పోతున్నది తమ రథమొక్కటే. మేలు ఎవరిదో నన్ను చెప్పమంటారా?"

రాజు ముఖం ఎర్రబడింది. కొండుభట్టుకు ఎందుకో తన మెడ ఒకసారి తడిమి చూసుకోవాలనిపించింది.

అంతలో మలుపులోని గోడ వెనక నుంచి పేరమ్మ గొంతు వినబడింది. "భట్టుగారూ! రాజుగారు వెళ్ళిపోయారా? ఏ పక్కకు తిప్పాలో తెలీక హారతి పట్టుకుని ఇందాకటి నుంచీ ఇక్కడే నిలబడ్డాను. కర్పూరం అయిపోతోంది!"

రాజు ఆ గోడ వంక చూశాడు. ముందు మీసాలు కదిలాయి, తర్వాత బొజ్జ కదిలింది, ఆపైన రథమంతా ఊగేలా నవ్వాడు.

"నా శాసనం మారదు!" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "తాపీవాళ్ళను పిలవండి. నా తోట గోడకు ఇప్పుడే తలుపు పెట్టమనండి. ఈ వీధికి గడప ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే అవుతాను. ఖర్చంతా నాదే!"

మెడలోని ముత్యాలహారం తీసి కొండుభట్టుకు వేశాడు. కొండుభట్టు హారం పుచ్చుకున్నాడు గాని ఇంటికి పోలేదు. నేరుగా ఖజానాకు పోయి, సొమ్ము చెల్లినట్టు రాయించాకే వీధివాళ్ళకు కబురంపాడు.

రథం ఏటి ఒడ్డు నుంచి తిరిగి వచ్చేసరికి వీధి నిండా ఇటుక ముక్కలు, తెరిచిన తలుపులు. పేరమ్మ తన గడపలో కొత్త కర్పూరం వెలిగించుకుని నిలబడింది. రాజు రథం ఆపించి, దిగి వెళ్ళి, ఆ హారతి రెండు చేతులా కళ్ళకద్దుకున్నాడు.