శనివారం గంట

కృపావరం మందిరం తలుపులు తీసి, తాళంచెవి తెచ్చి పెద్దయ్యగారి ముందు పెట్టాడు.

పెద్దయ్యగారంటే నెహెమ్యా అయ్యగారు. మా పేట మందిరానికి చాలాకాలం పాస్టరుగా చేసి, వయసు మీద పడ్డాక ఆ పని కృపావరానికి అప్పజెప్పి, మందిరం పక్క గదిలోనే ఉండిపోయారు. భార్య పోయింది. వంట ఆయనే చేసుకుంటారు. కృపావరానికి వాక్యం చెప్పడం నేర్పిందీ, పాట ఎత్తుకోవడం నేర్పిందీ, ఆఖరికి పంచె జారిపోకుండా కట్టుకోవడం నేర్పిందీ ఆయనే.

"ఏందిది?" అన్నారు అయ్యగారు, పొయ్యి ఊదుకుంటూ.

"నావల్ల కాదయ్యగారూ. పట్నంలో మా బావ వాళ్ళ సంఘంలో పాటలు నేర్పే మనిషి కావాలంట. రేపు ఆరాధనలో అందరికీ చెప్పేసి పోతా."

అయ్యగారు తాళంచెవి ముట్టుకోలేదు. "ఆ గూట్లో పెట్టు. నా చేతులు బూడిదయినయ్."

కృపావరం గూట్లో పెట్టి, వచ్చి గడప మీద కూలబడ్డాడు.

"ఉజ్జీవం రావాలని శనివారం సాయంత్రాలు ప్రార్థన పెట్టుకున్నాం గదా. మొదట్లో మందిరం నిండింది. మిరపకోతలు వచ్చాక సగమయ్యారు. ఇప్పుడు సలోమమ్మ, ఎస్తేరమ్మ, అంతే. సలోమమ్మ కళ్ళు మూసుకుందంటే నిద్రపోతది. ఎస్తేరమ్మకి చెవులు వినపడవు. ఇంక నేను ఎవరికి చెప్తన్నట్టు?"

"సలోమమ్మ గురక పెడతదా?"

"పెడతదయ్యగారూ."

"నేను ప్రసంగం చెప్పినా పెట్టేది," అన్నారు అయ్యగారు సంతోషంగా.

కృపావరానికి నవ్వు రాలేదు.

"మీ కాలంలో ఉజ్జీవం వచ్చిందంటారు. జనం ఏడ్చి, ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు పట్టుకుని పాత పగలు వదిలేసుకున్నారంటారు. ఇప్పుడు చూడండి. కుర్రాళ్ళు హైదరాబాదు తాపీపనికి పోయారు. రిబ్కమ్మకి టీవీ చాలు. ఇస్సాకు నేను కనపడితే సందు మారిపోతాడు. గంట కొట్టీ కొట్టీ నా చేతులు కాయలు కాసినయ్ గానీ ఒక్క గుండె కదల్లేదు. ఈ పేట చచ్చిపోయిందయ్యగారూ."



అయ్యగారు గిన్నెలో జావ కలిపి, ఇంత చేతిలో వేసుకుని నాకి, మొహం అదోలా పెట్టారు.

"ఉప్పు లేదు. చివరింటి దీనమ్మని అడిగి చిటికెడు పట్రా, పో."

"ఇప్పుడా? గంట కొట్టే వేళయింది."

"నేను కొడతాలే."

"ఆ భుజంతోనా?"

"భుజం నాది. నీకెందుకు? పో అబ్బాయ్."

కృపావరం సణుక్కుంటూనే లేచాడు. ఆయన ఏదన్నా చెప్తే కాదనడం అతనికి ఇప్పటికీ చాతకాదు.

మా మందిరంలో గంట పాస్టరే కొట్టాలి. అది ముందునుంచీ ఉన్న పద్ధతి. తాడు లోపల, తలుపు వెనక వేలాడుతుంటది. కృపావరం మా పేటకి వచ్చిన కాడి నుంచీ గంట మోగినప్పుడల్లా ఆ తలుపు వెనకే ఉన్నాడు. కొట్టడం, చాప పరవడం, గుమ్మం వైపు చూస్తా కూర్చోడం.

నాలుగిళ్ళు దాటాడో లేదో గంట మొదలైంది. కృపావరం ఆగిపోయాడు. లోపలుంటే చెవులు చిల్లులు పడే మోత అది. ఇక్కడికి వచ్చేసరికి ఎవరో ఇంటి ముందు నిలబడి పేరు పెట్టి పిలిచినట్టుంది.

పక్కనే అరుగు మీద రిబ్కమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది. లోపల టీవీ హోరెత్తుతోంది.

"ఏమే, దాని గొంతు తగ్గించు!" అని కోడలి మీద కేకేసి, పిండి చేతులు అట్లాగే ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. పెనం మీద రొట్టె మాడు వాసన వేస్తోంది. చెబుదామా అనుకున్నాడు కృపావరం. నోరు రాలేదు.

కాసేపటికి ఆమె గబుక్కున కళ్ళు తెరిచి రొట్టె తిరగేసింది. "శనివారం వచ్చిందంటే నాకో రొట్టె మాడాల్సిందే," అని గొణుక్కుని, "ఇంక పెంచుకోవే!" అంది లోపలికి.

మలుపులో పేకాడేవాళ్ళు తలెత్తలేదు. "అయ్యగారు మొదలుపెట్టాడ్రా," అని ఒకడు నవ్వి ముక్క వేశాడు.

ఆ పక్కన బెల్టుషాపు. ఇస్సాకు అక్కడే ఉన్నాడు. అనుకున్నదే గదా అని కృపావరం మొహం తిప్పుకోబోయాడు. అప్పుడు చూశాడు. ఇస్సాకు గ్లాసు గోడ మీద పెట్టాడు. చెప్పులు విడిచాడు. భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతుల్లో పట్టుకుని, మందిరం వైపు తిరిగి నిలబడ్డాడు.

"అయిందా మామా?" అన్నాడు షాపువాడు.

"ఆగరా, ఇంకా మోగుతాంది."

గంట ఆగలేదు. ఇస్సాకు ఓ కన్ను తెరిచి గ్లాసు వైపు చూశాడు. మళ్ళీ మూసుకున్నాడు.

"ఇయ్యాల ఆపడేందిరా ఈ మనిషి?"

"ఎవరన్నా పోయారేమో."

"పోతే ఒక్కొక్క దెబ్బే కొడతారు గదరా. ఇది పిలిచే గంట." ఇస్సాకు అట్లాగే నిలబడ్డాడు, ఒట్టి కాళ్ళతో.

ఈసారి సందు మారింది కృపావరమే.

చివరింటి దీనమ్మ మంచాన పడి చాలా రోజులైంది. తడిక దగ్గరికి వచ్చేసరికి లోపల అత్తాకోడళ్ళ మాటలు వినపడుతున్నాయి.

"లేపవే, గంట కొడతన్నారు."

"పడుకునే చేసుకో అత్తా. దేవుడేమన్నా అనుకుంటాడా?"

"ఆయన అనుకోడు. నేను అనుకుంటా. లేపు."

మంచం కిర్రుమంది. ముసలామె ఆయాసం తీరేదాకా ఆగి, పొరుగింటి మనిషితో మాట్లాడినట్టు మొదలుపెట్టింది.

"తండ్రీ, మా చిన్నయ్యగారు ఒక్కడే కొట్టుకుంటన్నాడు. ఎవరూ పోవట్లేదు. పోదామంటే నాకా కాళ్ళు లేవు. ఆ బిడ్డ మనసు ఇరగనియ్యబాకయ్యా. మా కాడే ఉంచు. ఉజ్జీవం నువ్వు ఎప్పుడిచ్చినా సరే, అది వచ్చేనాటికి గంట కొట్టే మనిషి ఉండాలి గదా."

కృపావరం తడిక పట్టుకుని నిలబడిపోయాడు.

కోడలు బయటికి వచ్చి చూసి ఉలిక్కిపడింది. "అయ్యగారూ! మీరిక్కడుంటే మరి గంట కొట్టేదెవరు?"

"పెద్దయ్యగారు... ఉప్పు..." అన్నాడు.

"దీపాలు పెట్టాక ఉప్పు అడుగుతారా ఎవరన్నా?" అంది లోపల్నుంచి దీనమ్మ. "ఇయ్యకూడదు. పొద్దున పంపిస్తాలే నాయనా."

"సరేనమ్మా," అని, వచ్చిన దారినే పరుగు లాంటి నడక నడిచాడు.

గంట ఇంకా మోగుతూనే ఉంది గానీ దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరిగింది. తలుపు వెనక అయ్యగారు తాడుకి వేలాడినట్టున్నారు. చొక్కా తడిసి వీపుకి అంటుకుంది.

"ఇంక చాలయ్యగారూ," అని కృపావరం ఆయన చేతుల్లోంచి తాడు తీసుకున్నాడు. గంట ఊగి ఊగి ఆగింది. ఈపాటికి ఇస్సాకు గ్లాసెత్తి ఉంటాడనుకున్నాడు. కోపం రాలేదు.

అప్పటికి సలోమమ్మ, ఎస్తేరమ్మ గుమ్మంలో ఉన్నారు. ఆ సాయంత్రం కూడా ఇద్దరే.

"ఇంతసేపు కొట్టారేందయ్యా? మా బర్రె బెదిరింది," అంది సలోమమ్మ.

అయ్యగారు భుజం పట్టుకుని గోడకి ఆనుకున్నారు. "ఉప్పేదిరా?"

"తేలేదయ్యగారూ."

"పోనీలే. డబ్బాలోనే ఉంది. నేనే సరిగ్గా చూసుకోలా."

కృపావరం ఆయన వైపు చూశాడు. ఆయన తాడు వైపు చూస్తున్నారు.

కృపావరం గదిలోకి పోయి, గూట్లో తాళంచెవి తీసి జేబులో వేసుకుని వచ్చాడు. చాప పరిచాడు. ఎస్తేరమ్మ చేయి పట్టుకుని దగ్గరగా కూర్చోబెట్టుకున్నాడు. పాట అయ్యీ అవకముందే సలోమమ్మ గురక మొదలైంది.

ఆమెకి మెలకువ రాకుండా గొంతు తగ్గించి, కృపావరం దీనమ్మ కాళ్ళ గురించి ప్రార్థన మొదలుపెట్టాడు.