పదకొండు ఇళ్ల కాపురం

చిదంబరయ్యగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. ప్రశ్న ఎక్కడ పుట్టిందో అక్కడికే మనిషిని నడిపించుకు వెళ్లడం ఆయన అలవాటు. మోకాళ్ల నొప్పులున్న శిష్యులం కొందరం అందుకే ఆయన్ని బ్రహ్మం గురించీ మాయ గురించీ తప్ప మరేమీ అడిగేవాళ్లం కాదు.

ఆ ఆదివారం ఉదయం వరప్రసాద్‌గారు అడిగారు. విశాఖ శివార్లలో మా ఆశ్రమానికి ఎగువనున్న గాలిమెట్ట కాలనీ సంఘానికి ఆయన అధ్యక్షుడు. మెట్ట దిగువ ఖాళీ స్థలంలో ప్రభుత్వంవారు కూలినాలి చేసుకునేవాళ్ల కోసం నాలుగంతస్తుల ఇళ్లు, మూడు వందల కాపురాలు పట్టేటట్టు కట్టబోతున్నారు. అవి ఇక్కడ వద్దంటూ కాలనీ అంతా సంతకాలు చేసిన అర్జీని మర్నాడు అధికారులకు ఇవ్వాలి. అధ్యక్షుడి సంతకం ఒక్కటే మిగిలింది. దాన్ని గురువుగారి పాదాల దగ్గర పెట్టి చేద్దామని, శుభలేఖకి పూసినట్టు అర్జీకి నాలుగు మూలలా పసుపు కూడా పూసుకొచ్చారు.

"కడుపు కట్టుకుని కట్టుకున్న ఇళ్లు గురువుగారూ. అంత జనం వచ్చి పడితే నీళ్లు చాలవు, చప్పుళ్లు, తగాదాలు. మా ప్రశాంతతను మేం కాపాడుకోవడం తప్పంటారా?" అన్నారు. అడగడంలో కపటం లేదు. ఆయన నిజంగానే మంచివాడు, చీమను తొక్కడానికి కూడా సందేహించే మనిషి.

గురువుగారు చెప్పులు వేసుకున్నారు. వాకిలి ఊడుస్తున్న అప్పలనర్సమ్మను, "చీపురు అలా పెట్టి నువ్వూ రా తల్లీ. ఈ మెట్ట మీద నువ్వు కాపురమున్న ఇళ్లు మాకోసారి చూపించు" అని పిలిచారు. ఆవిడ రోజూ రెండు ఆటోలు మారి ఆశ్రమం ఊడవడానికి వచ్చే మనిషి. మెట్ట మీదున్నవేమో గేట్లూ జాతికుక్కలూ ఉన్న మేడలు. వరప్రసాద్‌గారు నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశాను.

మొదటి గేటు దగ్గరే ఆవిడ ఆగింది. "ఇందులో పది నెలలున్నాం బాబూ. ఇల్లు కడతన్నంతకాలం మా ఆయన కాపలా, నాను గోడలకి నీళ్లు. పొద్దూ మాపూ తడుపుతుండాల. తడారిపోతే గోడ బీటలిచ్చీద్ది." అక్కణ్ణించి ఒక్కొక్క గేటే చూపించుకుంటూ నడిచింది. ఇళ్లను యజమానుల పేర్లతో కాదు, ఏ గదిలో పొయ్యి పెట్టుకుందో దాన్నిబట్టి గుర్తుపట్టింది. ఒకచోట మెట్ల కింద, ఒకచోట కారు పెట్టే చోట. ఒక మేడ ముందు మాత్రం ఆగి, తలెత్తి పైకి చూపించింది. రెండో అంతస్తు గోడకి కట్టిన సారవకర్రల మీంచి వాళ్లాయన పడి నడుం విరగ్గొట్టుకున్నది అక్కడేనట. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. పదకొండో ఇల్లు వరప్రసాద్‌గారిది.

"దీన్ని మాత్రం మరిసిపోలేను" అందావిడ, మొహం వెలిగిపోతుంటే. "గాలివాన రోజులు. ఆ ఈశాన్యం గది ఒక్కదానికే అప్పటికి తలుపులు బిగించినారు. మా సిన్నది అందులోనే పుట్టింది. ఇప్పుడు ఇంటరు సదువుతంది."

"పూజగదిలోనా!" అనేశారు వరప్రసాద్‌గారు. ఆ గదిలో ఆయన రోజూ గంటసేపు కళ్లు మూసుకుని కూర్చుంటారు.

ఆవిడ బెదిరిపోయింది. "అప్పటికి దేవుడింకా రాలేదు బాబూ. మేమే ఉన్నాం."

ఎన్నేళ్లుగానో ఆ వీధుల్లో తిరుగుతున్నాను. ఇన్ని గోడలు ఒక మనిషి చేతి తడి తాగి నిలబడ్డాయని ఒక్కనాడూ తోచలేదు నాకు. వరప్రసాద్‌గారు తన గేటు పక్క గోడమీద అరచెయ్యి ఆనించి, తియ్యడం మరిచిపోయారు. "మరి గృహప్రవేశం నాడు నిన్ను చూసిన గుర్తు లేదేం?" అని మెల్లగా అడిగారు.

"ఎలా సూత్తారు బాబూ? పాలు పొంగించే ముందురోజే మేం ఎల్లిపోవాల. పొయ్యిరాళ్లు తీసీసి, మసి కనబడకుండా సున్నం కొట్టీసి, నేల కడిగీసి ఎల్లిపోతాం. కొత్తిల్లు కొత్తగా ఉండాల గదా." ఆ గొంతులో ఫిర్యాదు లేదు. పని చక్కగా చేశానన్న తృప్తే ఉంది. అది వినడం ఫిర్యాదు వినడం కన్నా కష్టంగా ఉంది.

తరవాత ఆవిడ కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చేతులు జోడించి, బొట్టు పెట్టి పిలిచినంత పద్ధతిగా అంది. "దిగువ కట్టబోయే ఇళ్లల్లో మాకూ ఒకటొచ్చింది బాబుగారూ. లాటరీలో నా పేరు తీసినారు. పదకొండు ఇళ్లు కడిగిచ్చినాను గానీ, పాలు పొంగడం ఒక్కసారీ నా కళ్లతో సూడలేదు. ఆ రోజు మీరూ అమ్మగారూ తప్పకుండా రావాల."

అర్జీ చుట్టచుట్టి ఆయన చంకలోనే ఉంది. చెమటకి పసుపు కరిగి తెల్లచొక్కాకి అంటుకుంది. ఆవిడ జోడించిన చేతులు దించలేదు. జవాబు కోసం చూస్తోంది. ఆయన ఆవిడ వైపు చూడలేక గురువుగారి వైపు తిరిగారు.

"గురువుగారూ, ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

చిదంబరయ్యగారు అప్పటికే మెట్ట దిగడం మొదలుపెట్టారు. వెనక్కి తిరక్కుండానే అన్నారు: "నన్నడుగుతావేం నాయనా? నిన్ను పిలిచింది ఆవిడ. వస్తావో రావో ఆవిడకే చెప్పు."