ఇక్కడే అన్న చిరునామా

పేర్రాజు మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యులు ఏదడిగినా నోటితో జవాబు చెప్పరు, లేచి చెప్పులేసుకుంటారు. ఆ చెప్పుల చప్పుడు వినబడిందంటే ఇవాళ ఎవరికో మూడిందని మిగతావాళ్లు నవ్వుకునేవారు. చేపలరేవులో వేలంపాకకి ఎదురుగా, ఐసు గోదాము మీది గదిలో ఆయన కంప్యూటర్లని నడిపే యూనిక్స్ నేర్పేవారు. ఆ పొద్దున అడిగింది నూకరత్నం.

"మాస్టారూ, యంత్రం ఒక్కటే కదండీ. ip addr అని కొడితే ఇన్ని చిరునామాలు చూపిస్తుందేం? వీటిలో అసలుది ఏది?"

అడగడమైతే అడిగింది గానీ, జవాబు ఆమె ముందే తేల్చేసుకుంది. తెరమీద మొదట lo అనే వరస, దానికింద తీగది, ఆ కింద wlan0 అని వైఫైది. తీగ పీకితే రెండో అంకె మాయమవుతోంది. వైఫై ఆపి మళ్లీ పెడితే మూడోది ఒక్కోసారి కొత్త అంకె తగిలించుకుని వస్తోంది. మొదటిది మాత్రం ఎప్పుడు చూసినా 127.0.0.1, ఏం పీకినా చలించదు. మారేది మాయ, మారనిదే నిజమని తాత పాడే తత్వాలు వింటూ పెరిగిన పిల్ల. ఇక ఆలోచించడానికేముంది? రేవులో పడవలవాళ్లందరికీ ఆ అంకే పంపేసింది.

ఆ అంకెతో ఆమెకి పెద్ద పనే ఉంది. కిందటేడు సముద్రం మీద గాలి తిరిగిన సంగతి ఒడ్డున ఎవరికీ తెలియక, ఆమె అన్న అప్పన్న పడవ బోల్తాపడింది. మనిషి దక్కాడు, పడవ పోయింది. అప్పట్నుంచీ రత్నం కంటిమీద కునుకు లేకుండా కూర్చుని, దీపస్తంభం మీద గాలి కొలిచే పరికరం పెట్టించి, అది చెప్పేదంతా ఈ గదిలోని తన యంత్రంలో ఒక పేజీలో కనబడేట్టు చేసింది. చిరునామా ఫోన్లో కొడితే ఆ పేజీ తెరుచుకోవాలి. ఇవాళ వేటకి బయల్దేరే ముందు సంఘం పెద్ద పోలయ్య తన ఫోన్లో దాన్ని చూస్తానన్నాడు. కనబడితే పరికరం ఉంటుంది, లేకపోతే దింపేస్తారు. అప్పన్న కొత్త పడవ కూడా నీళ్లంచున సిద్ధంగా ఉంది. రత్నం కాళ్లు నేలమీద నిలవడం లేదు.

కిందనుంచి పోలయ్య కేకేశాడు. "ఏటమ్మా రత్నం, ఏటీ అగుపడ్డం లేదు. ఒక్కడి ఫోన్లోనూ లేదు."

రత్నం తన తెర చూసుకుంది. గాలి వేగం, దిక్కు, అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. "నాకు కనబడుతోంది బాబాయ్. ఇంకోసారి కొట్టు."

ఇంకోసారి కొట్టారు. లేదు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. "పోటు మనకోసం ఆగదు. అది దింపించేద్దాం, పదండి" అని పోలయ్య పంచె ఎగ్గట్టాడు. అప్పన్న పడవకి భుజం ఆనించాడు. రత్నానికి ఏడుపొక్కటే తక్కువ. వెనక్కి తిరిగితే మాస్టారు లేరు, చెప్పులూ లేవు.

అంతలో ఫోను మోగింది.

"ఎక్కడున్నావమ్మా?" అన్నారు మాస్టారు.

"ఇక్కడే ఉన్నానండీ."

"ఇక్కడ లేవే. చూస్తున్నానుగా."

"అయ్యో, ఇక్కడే మాస్టారూ!"

"ఇక్కడ తడి ఇసక ఉంది. రెండు పీతలున్నాయి. నువ్వు లేవు" అని ఆయన పెట్టేశారు.

రత్నం ఫోను చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తనెంత నిజం చెప్పిందో ఆయనా అంతే నిజం చెప్పారు. ఆయన 'ఇక్కడ' వేరు, తన 'ఇక్కడ' వేరు. గబగబా తెరవైపు తిరిగింది. 127.0.0.1. మారకేం చేస్తుంది? 'ఇక్కడే' అన్న మాట ఏ ఊళ్లో మారింది గనక? ఆ అంకె కొట్టిన ప్రతి ఫోనూ గాలి కబురు కోసం తన పొట్టలోనే తను వెతుక్కుంటోంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కావలసింది అదే తెరమీద ఉండగా తను వేదాంతంలో వెతికింది. పాకలో ఫోన్లన్నీ ఈ గది వైఫైకే తగులుకుని ఉన్నాయి. wlan0 పక్కన చూసింది, అంకె అరచేతిలో రాసుకుంది, మెట్లు రెండేసి దూకింది.

వేలం పాడే ఆయన చేతిలో మైకు లాక్కుంది. "నూట తొంభై రెండు!"

"నూట తొంభై మూడు" అన్నాడు వెనకనుంచి బుట్టల వ్యాపారి, అలవాటు కొద్దీ.

"పాట కాదు బాబూ, చిరునామా! నూట తొంభై రెండు, చుక్క, నూట అరవై ఎనిమిది, చుక్క, ఏడు, చుక్క, ఇరవై మూడు. కొట్టండి!"

మొదట ఒక ఫోను, పక్కన ఇంకొకటి, ఆపైన పాకంతా ఒకటే గోల. "వచ్చింది!" "నాకూ వచ్చిందిరా!" పోలయ్య మాత్రం నవ్వలేదు. ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి, ఒక్కసారి సముద్రంకేసి పరిగెత్తాడు. "అప్పన్నా, ఆగరా! గాలి తిరిగిపోనాది. ఎవరూ దిగొద్దు!"

సగం నీళ్లలోకి వెళ్లిన పడవని పదిమంది కలిసి వెనక్కి లాగారు. కాసేపటికే సముద్రం ఇక్కణ్ణుంచి అక్కడిదాకా తెల్లగా నురగలెత్తింది. ఒడ్డున పడవలన్నీ ఉన్నాయి. అప్పన్న వచ్చి చెల్లెలి నెత్తిమీద తడిచెయ్యి పెట్టాడు.

తడి ఇసకలో నిలబడ్డ మాస్టారి దగ్గరికి రత్నం వగరుస్తూ వచ్చింది. సంతోషంలో కూడా సందేహం వదలని పిల్ల.

"ఈ అంకె కూడా రేపు మారొచ్చు కదండీ. తీగ మీదనుంచి వచ్చేవాళ్లకి ఇది పనికిరాదేమో కూడా. మరి అసలు చిరునామా ఏది మాస్టారూ?"

మాస్టారు చెప్పుల్లో ఇసక దులుపుకున్నారు.

"నన్నడుగుతావేం? ఏ దారిన వస్తున్నావని వచ్చేవాణ్ణడుగు."