గరిటె పట్టిన పంతులమ్మ

రేవులవలస చేరిన యాత్రికులకు ముందుగా కలిగేది భక్తి కాదు, అయోమయం. ఏటి ఒడ్డున, నల్లబండ మీద కొలువైన ఈ అమ్మవారి కుడిచేతిలో గరిటె, ఒడిలో పలక ఉన్నాయి. గరిటె చూసినవారు అన్నపూర్ణ అంటారు, పలక చూసినవారు సరస్వతి అంటారు. గుమ్మంలో నిలబడి వాదులాడుకున్నవారినీ చూశాం. అయ్యా, ఆ ఇద్దరూ కారు. ఈమె ఆదెమ్మ పంతులమ్మ.

పూర్వం ఇక్కడ బడి లేదు. ఆదెమ్మ తన వీధరుగునే బడి చేసి, జాలర్ల పిల్లలకూ గొల్లల పిల్లలకూ అక్షరాలు దిద్దించేది. "కడుపు కాలుతుంటే చదువేం ఎక్కుతుంది?" అని ముందు గంజన్నం పెట్టి, ఆ తరువాతే పలకలు పట్టించేది. ఆ ఇంటికి పెద్దదిక్కు కూడా ఆమే. వండలేక అలిసిపోయేది మాత్రం కోడలు నరసాయమ్మ. "ఊరి పిల్లలందరికీ నేనా వండి వార్చేది?" అని ఆమె సణగని రోజు లేదు.

కొన్నాళ్లకు ఆదెమ్మ కాలం చేసింది. పెద్దకర్మ నాడు కొడుకు అప్పలస్వామి ఈ బండ మీద పిండం పెట్టి పక్కకు తప్పుకున్నాడు. కాకులు వచ్చాయి, చుట్టూ తిరిగాయి, ఒక్కటీ ముట్టలేదు. పోయినవారికి తీరని కోరిక ఉంటే కాకి ముట్టదంటారు. ఏమిటా కోరిక? "అరుగు పడగొట్టనమ్మా" అని కొడుకు మొక్కాడు. "చదువు మానం పంతులమ్మా" అని శిష్యులు మొక్కారు. పొద్దు నడినెత్తికి వచ్చినా కాకి దిగలేదు. అప్పుడు ఊరి కళ్లన్నీ నరసాయమ్మ మీదికి తిరిగాయి. పాపం, ఆమె ఏడుపు అందుకుంది. తన సణుగుడుకే అత్త అలిగి పోయిందా? అదే నిజమైతే ఇక తాను బతికేదెలా?

ఏడ్చి ఏడ్చి, ఏటి ఒడ్డున కర్మ భోజనాలకు వండిన గుండిగల పక్కనే ఆమెకు కునుకు పట్టింది. కలలో అత్త వచ్చి, ఎప్పటిలాగే "పిల్లలు తిన్నారటే?" అంది.

"మీరు ముట్టందే ఎవరు తింటారు అత్తయ్యా?" అంది కోడలు.

"నేనెప్పుడు ముందు తిన్నానే?"

నరసాయమ్మ ఉలిక్కిపడి లేచి, గరిటె అందుకుని, పిల్లలందరికీ ఆకులు వేసింది. పురోహితుడు "అపచారం! అపచారం!" అని కేకలు పెట్టాడు. ఆమె వినలేదు. పిల్లలు తిని ఏట్లో చేతులు కడుక్కుంటూ ఉండగా కాకి వాలి పిండం ముట్టింది. నరసాయమ్మ బండను కావలించుకుని బావురుమంది. పిల్లలు తిన్నందుకే కాకి వాలిందో, దానికే ఆకలేసిందో మాకు తెలియదు. పండితులను అడిగితే తలొక మాట చెప్పి ఉన్న మతి పోగొట్టారు.

ఆ బండ మీదే గుడి వెలిసింది. అన్నిచోట్లా దర్శనమయ్యాక ప్రసాదం, ఇక్కడ ముందే ప్రసాదం. నరసాయమ్మ వంశపు కోడళ్లే వడ్డిస్తారు. తొలిసారి పలక పట్టే పిల్లలకు ఇక్కడ అన్నం తినిపించి దిద్దిస్తే చదువు ఒంటబడుతుందని నమ్మకం. పెట్టింది వద్దనకండి, మొహమాటపడకండి. అందరూ తిన్నాకే గర్భగుడిలోకి నైవేద్యం వెళుతుంది. బయట మీరు ఆలస్యం చేసినంతసేపూ లోపల అమ్మవారు పస్తుంటుంది.